దాచడం వేరు, తాళం వేయడం వేరు

మన పత్రికల్లో ఈ వార్తకు ఒక అచ్చు ఉంది: ‘తుపాకీ మిస్‌ఫైర్, చిన్నారి మృతి’. తుపాకుల సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అలా వాడరు. వాళ్ల లెక్కలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. మనం దాన్ని తిరగేసి, పేలకూడనిది పేలిన ప్రతిసారీ అదే మాట రాస్తున్నాం. మాట తప్పయితే దిద్దుకోవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు ‘తుపాకీ పేలింది’ అనే మామూలు తెలుగు వాక్యంలోనే ఉంది. అందులో కర్త తుపాకీ. పిడుగు పడినట్టు, గోడ కూలినట్టు, తనంతట తానే పేలింది. దాన్ని కొన్నదెవరు, తూటాలు నింపిందెవరు, నింపి ఎక్కడ పెట్టారు, పిల్లవాడి చేతికి ఎలా అందింది? ఈ ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటే లేదు.

ఇంట్లోని తుపాకీ చేతికి చిక్కి, ఎవరికీ ఎవరినీ చంపే ఉద్దేశం లేకుండానే పిల్లలు చనిపోవడం గురించి దశాబ్దాలుగా చాలా పరిశోధన జరిగింది. చట్టాలు వచ్చాయి, వాటిపై వ్యాజ్యాలు నడిచాయి. ఇందులో ఎక్కువ భాగం అమెరికాది. అక్కడ పౌరుల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులున్నాయని 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా వేసింది. మనుషుల కన్నా తుపాకులే ఎక్కువ. మన పిల్లలు, మనవలు పెద్దసంఖ్యలో పెరుగుతున్న దేశం కూడా అదే. ఆ పరిశోధనను వరుసగా చదువుకుంటూ వస్తే నాకు తేలింది ఒకటి. పిల్లలకు ఏం నేర్పాలన్న ప్రశ్న చుట్టూ ఆ దేశం చాలా కాలం తిరిగింది. పెద్దలు ఏం చేయాలన్నదానికి జవాబు మాత్రం అంతకు ముందునుంచే ఎదురుగా ఉంది.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 2023 డిసెంబరులో ఒక నివేదిక ప్రచురించింది. 2003 నుంచి 2021 వరకు ఉద్దేశం లేకుండా తుపాకీ గాయంతో చనిపోయిన 17 ఏళ్లలోపు పిల్లల వివరాలను, మరణ ధ్రువపత్రాలతో పాటు పోలీసుల, శవపరీక్షల నివేదికలు కూడా చూసి, ఒకచోట చేర్చింది. 1,262 మంది తేలారు. తొలి ఏళ్లలో కొన్ని రాష్ట్రాల వివరాలే అందాయి కాబట్టి దేశం మొత్తం మీద సంఖ్య ఇంతకన్నా ఎక్కువే. చనిపోయినవారిలో 83 శాతం మగపిల్లలు. 29 శాతం మందికి ఐదేళ్లు దాటలేదు. 33 శాతం మంది 11 నుంచి 15 ఏళ్లవాళ్లు. ఈ రెండు గుంపుల కథలు వేరు. పసివాడు సొరుగు లాగుతాడు, మెరుస్తున్న వస్తువు కనబడుతుంది, రెండు చేతులతో పట్టుకుని తనవైపే తిప్పుకుంటాడు. పదమూడేళ్లవాడు మాత్రం స్నేహితుణ్ణి గదిలోకి తీసుకెళ్లి మరీ చూపిస్తాడు. మ్యాగజైన్ తీసేశాను కాబట్టి ఖాళీదే అనుకుంటాడు. ఆడుతూనో, ఇంకొకరికి చూపిస్తూనో ఉండగా జరిగినవి మొత్తంలో 67 శాతం. సగానికి పైగా సందర్భాల్లో ట్రిగ్గర్ నొక్కింది చనిపోయిన బిడ్డ కాదు, మరొకరు. చాలా ఇళ్లలో ఆ మరొకరు అన్నో, తమ్ముడో, పక్కింటి నేస్తమో.

ఇక ఎక్కడ? 85 శాతం ఇళ్లలో, అందులోనూ సగానికి మించి ఆ బిడ్డ సొంత ఇంట్లోనే. ఎలా పెట్టారో తెలిసిన తుపాకుల్లో 74 శాతం తూటాలు నింపి ఉన్నవి, 76 శాతం తాళం లేనివి. తీసిన చోటు తెలిసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా, 30 శాతం, మంచం పక్క సొరుగు, దిండు కింద, పడకగది పరిసరాలు. నివేదికలో నా కళ్లు ఆగిపోయింది ఇక్కడే. రోడ్డు మీదో, అడవిలోనో, గుర్తు తెలియని చోటో కాదు. తల్లిదండ్రులు పడుకునే మంచానికి చేయి చాపినంత దూరం.

ఈ లెక్కలు కూడా ఎన్నో ఏళ్లు తప్పుగానే నడిచాయి. అమెరికాలో చాలాచోట్ల శవపరీక్ష అధికారుల పద్ధతి ప్రకారం, ఒకరి చేతిలోని తుపాకీ వల్ల మరొకరు చనిపోతే, ఉద్దేశం ఉన్నా లేకపోయినా, మరణ ధ్రువపత్రంలో ‘హత్య’ అని పడుతుంది. నాలుగేళ్ల అన్న ఆడుకుంటూ రెండేళ్ల చెల్లెల్ని కాలిస్తే అది కూడా హత్యల పట్టికలో చేరిపోతుంది. 2013లో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఎనిమిది రాష్ట్రాల్లో ఒక్కో మరణాన్నీ విడివిడిగా పరిశీలిస్తే, ప్రమాదంగా లెక్కకు రావలసిన పిల్లల మరణాల్లో దాదాపు సగం ప్రమాదాల పట్టికలో లేవు. ‘ఇది ఈత కొలనుల్లో మునిగే వాళ్లకన్నా చిన్న సమస్య’ అని వాదించినవాళ్ల చేతిలో ఉన్నది ఆ సగం లేని పట్టికే.

అయినా నిజాయితీగా ఒప్పుకోవలసిన సంగతులు రెండున్నాయి. 1970, 80లతో పోలిస్తే ఈ రకం మరణాల రేటు బాగా తగ్గింది. వేట తగ్గింది, తుపాకీ ఉన్న ఇళ్ల శాతం తగ్గింది, గాయపడినవారిని బతికించే వైద్యం మెరుగుపడింది. రెండోది, 2020లో తుపాకీ గాయాలు అమెరికాలో 1 నుంచి 19 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణంగా మారాయి. ఆ ఏడాది 4,300 మందికి పైగా పోయారు. అందులో ఎక్కువ హత్యలు, ఆ తర్వాత ఆత్మహత్యలు. ఉద్దేశం లేకుండా జరిగినవి చిన్న భాగం. మరి ఆ చిన్న భాగం మీద ఇంత చర్చ ఎందుకు? ఎందుకంటే సొరుగులోని తుపాకీకి పసివాడి కుతూహలానికీ, పదిహేనేళ్లవాడి నిరాశకూ తేడా తెలియదు. రెంటికీ ఒకే తాళం. 2005లో డేవిడ్ గ్రాస్‌మన్ బృందం వాషింగ్టన్, ఆరెగాన్, మిస్సోరి ప్రాంతాల్లో పిల్లలు, కుర్రవాళ్లు తమను తాము కాల్చుకున్న, లేదా ప్రమాదవశాత్తు కాల్పులు జరిగిన ఇళ్లను, తుపాకీ ఉండీ అలాంటిది జరగని ఇళ్లతో పోల్చింది. తుపాకీకి తాళం, తూటాలు తీసి ఉంచడం, తూటాలకు వేరే తాళం, రెంటినీ వేర్వేరు చోట్ల పెట్టడం: ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ విడిగానే కాపాడింది. తాళం ఒక్కదానివల్లనే ప్రమాదం నాలుగో వంతు దగ్గరకు పడిపోయింది. ఈ మొత్తం సాహిత్యంలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనబడిన అధ్యయనం ఇది. ప్రమాదాలకూ, ఆత్మహత్యలకూ ఒకే మందు పనిచేస్తుందని తేల్చింది కాబట్టి.

ఇప్పుడు పిల్లల దగ్గరకు వద్దాం. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

2001లో అట్లాంటాలో వైద్యులు ఒక ప్రయోగం చేశారు. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో పావుగంట వదిలారు. ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక పరిశోధకులు కూర్చున్నారు. సొరుగుల్లో రెండు నీళ్ల తుపాకులు, ఒక నిజం పిస్తోలు. నిజం దాంట్లో తూటాలు లేవు, ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే తెలిసే ఏర్పాటు మాత్రం ఉంది. మొత్తం 29 గుంపుల్లో 21 గుంపులకు పిస్తోలు దొరికింది. 16 గుంపులు చేతిలోకి తీసుకున్నాయి. 10 గుంపుల్లో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. దొరికినవాళ్లలో దాదాపు సగం మందికి అది బొమ్మో నిజమో తెలియలేదు. దీపావళికి రీలు చుట్టి పేల్చే తుపాకీతో ఆడుకున్న వయసు మనలో ఎవరికైనా గుర్తుంటే, ఆ సగం మందిని తప్పుపట్టలేం.

ఆ ప్రయోగంలో తల్లిదండ్రులు వినవలసినవి మరో రెండున్నాయి. పిస్తోలు ముట్టుకున్న, ట్రిగ్గర్ నొక్కిన పిల్లల్లో 90 శాతానికి పైగా అంతకుముందే తుపాకుల గురించి ఏదో ఒక జాగ్రత్త పాఠం విన్నవాళ్లు. ‘మావాడికి తుపాకులంటే ఆసక్తి లేదు’ అని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగానే దాన్ని పట్టుకున్నారు.

పాఠాలు చెప్పడం అమెరికాలో పాత సంగతి. జాతీయ రైఫిల్ సంఘం 1988లో మొదలుపెట్టిన ‘ఎడ్డీ ఈగిల్’ కార్యక్రమంలో ఒక గద్ద బొమ్మ చిన్నపిల్లలకు చెబుతుంది: తుపాకీ కనబడితే ఆగు, ముట్టుకోకు, పరుగెత్తు, పెద్దవాళ్లకు చెప్పు. చెప్పే మాటలో తప్పు లేదు. 2004లో నాలుగైదేళ్ల పిల్లలతో పరీక్షించి చూస్తే, వాళ్లు ఆ నాలుగు మాటలనూ పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. తుపాకీ ఎదురుగా పెట్టి పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటే మాత్రం ఆ మాటలు చేతుల్లోకి రాలేదు. అదే సందర్భంలో చేయించి చూపి, తప్పు చేస్తే అక్కడికక్కడే మళ్లీ చేయించిన శిక్షణ కొంత మెరుగ్గా పనిచేసింది. 2023లో ఒహాయోలో డిలన్, బుష్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఒక పోలీసు అధికారి మాట్లాడే నిమిషం వీడియో చూపించి, వారం తర్వాత పరీక్షించారు. ఆ వీడియో చూసినవాళ్లలో తుపాకీ దొరికిందని పెద్దవాళ్లకు చెప్పినవాళ్లు 34 శాతం. చూడనివాళ్లలో 11 శాతం. ఫలితం మంచిదే, నేర్పడం మానేయమని ఎవరూ అనరు. కానీ మిగిలిన మూడింట రెండు వంతుల పిల్లలు చెప్పలేదు. అంటే మన ఇంటి బిడ్డ ప్రాణాన్ని ఆ మూడింట ఒక వంతు ఆశ మీద పెట్టగలమా అన్నదే ప్రశ్న.

తుపాకీ ఉన్న తల్లిదండ్రులు దీనికి ఇచ్చే జవాబు ఒకటే: ‘మా పిల్లలకు అదెక్కడుందో తెలియదు.’ 2006లో అలబామాలో బాక్స్‌లీ, మిల్లర్ అనే పరిశోధకులు తల్లిదండ్రులనూ పిల్లలనూ విడివిడిగా అడిగారు. తెలియదని తల్లిదండ్రులు చెప్పిన ఇళ్లలో 39 శాతం మంది పిల్లలు ఎక్కడుందో చెప్పేశారు. మా పిల్లవాడు ఎన్నడూ ముట్టుకోలేదన్న ఇళ్లలో 22 శాతం మంది ముట్టుకున్నామన్నారు.

ఈ ఫలితం తెలుగువాళ్లకు కొత్తగా అనిపించకూడదు. అటకమీద సున్నుండల డబ్బా ఎక్కడుందో, బీరువా తాళంచెవి ఏ చీర మడతలో ఉందో తెలియని పిల్లలు మన ఇళ్లలో ఎప్పుడైనా ఉన్నారా? ఉట్టి మీది వెన్న కథ మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఎత్తున పెట్టడం, కనబడకుండా పెట్టడం పిల్లలకు ఒక ఆట. దాచడం అంటే పిల్లవాడి కన్ను పడలేదని మనం అనుకోవడం. తాళం వేయడం అంటే పడినా ఏమీ కాదని మనకు తెలియడం. ఇంగ్లీషులో జరిగిన ఈ చర్చంతా ఎన్ని పేర్లు పెట్టుకున్నా, చివరికి ఈ రెండు తెలుగు క్రియల మధ్య తేడా దగ్గరికే వస్తుంది.

మరి పెద్దవాళ్లు తాళం ఎందుకు వేయరు? మూర్ఖత్వం అనేస్తే సులువు, కానీ అది నిజం కాదు. అమెరికా పల్లెల్లో తాత మనవడికి రైఫిల్ బహుమతిగా ఇచ్చి వేట నేర్పడం తరాల నుంచి వస్తున్న ప్రేమ. 2013లో కెంటకీలో ఐదేళ్ల బాలుడి చేతిలో రెండేళ్ల చెల్లెలు చనిపోయింది. అతని చేతిలో ఉన్నది పిల్లల కోసమే తయారుచేసి అమ్మిన చిన్న రైఫిల్. ఇంట్లో ఒక మూల నిలబెట్టి ఉంది, లోపల తూటా మిగిలి ఉందని ఎవరికీ తెలియదు. ఆ తల్లిదండ్రులు బిడ్డల్ని ప్రేమించలేదని ఎవరనగలరు?

అయితే ఈ మధ్య తుపాకీ కొనే కారణమే మారింది. 2023లో ప్యూ సంస్థ అడిగితే తుపాకీ ఉన్నవారిలో 72 శాతం ఆత్మరక్షణ ఒక ముఖ్య కారణం అన్నారు. వేటకు కొన్నది బీరువాలో ఉన్నా ఇబ్బంది లేదు. దొంగ భయంతో కొన్నది నింపి, తలగడ పక్కన ఉండాలనిపిస్తుంది. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ మధ్య 75 లక్షల మంది కొత్తగా తుపాకీ సొంతదారులయ్యారని, దాంతో అంతకుముందు ఇంట్లో తుపాకీ లేని 50 లక్షలకు పైగా పిల్లల ఇళ్లలోకి తుపాకీ వచ్చిందని హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్ పరిశోధకులు ఒక సర్వే ద్వారా లెక్కగట్టారు. నింపి, తాళం లేకుండా ఉన్న తుపాకీ గల ఇళ్లలో 2021 నాటికి 46 లక్షల మంది పిల్లలున్నారని అదే సర్వే చెప్పింది.

భయం నిజమే అనుకుందాం. భయానికి ఈ తుపాకీ జవాబా? 1998లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం మెంఫిస్, సియాటిల్, గాల్వెస్టన్ నగరాల్లో ఇళ్లలో జరిగిన కాల్పులన్నిటినీ చూసింది. ఆత్మరక్షణకు, లేదా చట్టం ఒప్పుకునే రీతిలో కాల్చిన ప్రతి ఒక్క సందర్భానికి, ఉద్దేశం లేకుండా జరిగినవి నాలుగు, దాడులూ హత్యలూ ఏడు, ఆత్మహత్యలూ ఆత్మహత్యాయత్నాలూ పదకొండు. కాల్చకుండానే దొంగను బెదిరించిన సందర్భాలు ఈ లెక్కలోకి రావని విమర్శకులన్నారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా ఇంట్లో పేలిన తూటా ఎవరికి తగులుతుందన్న ప్రశ్నకు ఆ లెక్క జవాబు చెబుతూనే ఉంది. పైగా భయమూ తాళమూ ఒకదానికొకటి శత్రువులు కావు. అంకెలు నొక్కితేనో, వేలు పెడితేనో కొన్ని సెకన్లలో తెరుచుకునే చిన్న పెట్టెలు మంచం పక్కనే బిగించుకోవచ్చు.

వస్తువు తయారీ సంగతి చాలా తక్కువమంది మాట్లాడే విషయం, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం కూడా. 1970లో అమెరికా ఒక చట్టం చేసి, పిల్లలు విప్పలేని మూతల సీసాల్లోనే మందులు అమ్మాలంది. ఆస్పిరిన్ మింగి చనిపోయే పసివాళ్ల సంఖ్య పడిపోయింది. పిల్లలకు ‘మాత్రలు ముట్టుకోకు’ అని పాఠం చెప్పడం వల్ల కాదు, మూత మారడం వల్ల. తుపాకీ విషయంలో ఆ పని జరగలేదు. 1972లో ఏర్పడిన వినియోగ వస్తువుల భద్రతా సంఘం పరిధి నుంచి తుపాకులను, తూటాలను మినహాయించారు. ఎలుగుబంటి బొమ్మ కన్ను ఊడి గొంతులో పడుతుందేమో చూసే సంఘానికి తుపాకీ ట్రిగ్గర్ చూసే అధికారం లేదు. ఇంకా విచిత్రం, తుపాకీ దాచే పెట్టెను మాత్రం అది చూడగలదు. 2023 అక్టోబరులో, నమోదు చేయని వేలికి కూడా తెరుచుకుంటున్నాయంటూ ఒక రకం పెట్టెలు 61,000ను ఆ సంఘం మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది.

సాంకేతికంగా అసాధ్యమా అంటే, కాదు. 1880ల్లోనే ఒక పేరున్న అమెరికన్ కంపెనీ పిడిని గట్టిగా పట్టి నొక్కితే తప్ప పేలని రివాల్వర్ తయారుచేసి, ఎనిమిదేళ్లలోపు పిల్లవాడు దాన్ని పేల్చలేడని ప్రకటించుకుంది. ఆ ఆలోచన అలా పక్కకు పోయింది. 1995లో వైద్యులు పిల్లల వేళ్ల బలం కొలిస్తే, మూడు నాలుగేళ్లవాళ్లలో 25 శాతం, ఐదారేళ్లవాళ్లలో 70 శాతం, ఏడెనిమిదేళ్లవాళ్లలో 90 శాతం మార్కెట్లో ఉన్న చేతి తుపాకుల్లో చాలావాటిని పేల్చగలరని తేలింది. ఇంకో రహస్యం సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో ఉంది. మ్యాగజైన్ ఊడదీసినా లోపలి గదిలో ఒక తూటా మిగిలిపోవచ్చు. పైకి చూస్తే ఖాళీ. ‘ఖాళీదే అనుకున్నా’ అన్న మాట ఇన్ని కేసుల్లో వినబడడానికి కారణం ఇదే. తూటా ఉందని చూపే గుర్తు ఒకటి, పసివాళ్లు పేల్చలేకుండా దానంతట అదే పడే అడ్డు ఒకటి, ఈ రెండూ ఉంటే ప్రమాద మరణాల్లో 31 శాతం ఆపగలిగేవాళ్లమని అమెరికా ప్రభుత్వ ఖాతాల తనిఖీ కార్యాలయం 1991లోనే ఆ దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు నివేదించింది. కాలిఫోర్నియా 2007 నుంచి కొత్త నమూనాల సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లకు తూటా గుర్తునూ, మ్యాగజైన్ తీస్తే పేలకుండా చేసే ఏర్పాటునూ తప్పనిసరి చేసింది. దేశమంతటికీ అలాంటి నియమం లేదు.

పైగా పరిశోధన ముందుకు సాగనివ్వలేదు కూడా. తుపాకుల నియంత్రణను ప్రోత్సహించడానికి సీడీసీ నిధులు వాడకూడదంటూ 1996లో కాంగ్రెస్ పెట్టిన డికీ సవరణ తర్వాత సీడీసీ ఈ అంశానికి డబ్బివ్వడం దాదాపు మానేసింది. 2020 బడ్జెట్‌లో రెండున్నర కోట్ల డాలర్లు మళ్లీ కేటాయించేదాకా రెండు దశాబ్దాలకు పైగా అలాగే నడిచింది. రోడ్డు ప్రమాదాల మీద అంత కాలం కళ్లు మూసుకుని ఉంటే సీటు బెల్టు ఎక్కడుండేది?

చట్టాల వైపు కథ ఫ్లోరిడాతో మొదలవుతుంది. 1989 వేసవిలో కొద్దిరోజుల వ్యవధిలో వరుసగా పిల్లలు తుపాకులకు బలయ్యాక, ఆ రాష్ట్రం దేశంలోనే మొదటిసారిగా పిల్లలకు అందేలా నింపిన తుపాకీ వదిలేయడాన్ని నేరం చేసింది. ఇప్పుడు సగం రాష్ట్రాలకు అటూ ఇటూగా అలాంటి చట్టాలున్నాయి, ఒక్కోచోట ఒక్కో తీరు. కొన్ని ప్రాణం పోయాకే శిక్షిస్తాయి. మసాచుసెట్స్ లాంటివి ఏమీ జరగకముందే తాళం ఉండాలంటాయి. పనిచేశాయా? 1997లో కమ్మింగ్స్ బృందం 12 రాష్ట్రాలు చూసి, 15 ఏళ్లలోపు పిల్లల ప్రమాద మరణాలు 23 శాతం తగ్గాయంది. 2000లో వెబ్‌స్టర్, స్టార్న్స్ అదే ప్రశ్నను మళ్లీ తవ్వి, తగ్గుదల ప్రధానంగా ఫ్లోరిడాదేనని, అక్కడ 51 శాతం తగ్గిందని, మిగతా రాష్ట్రాల్లో స్పష్టంగా లేదని చెప్పారు. ఫ్లోరిడాలో శిక్ష కఠినం, ప్రచారం విస్తృతం. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం నిర్లక్ష్యాన్ని శిక్షించే చట్టాలున్న చోట పిల్లల తుపాకీ మరణాలు మొత్తంగా 13 శాతం తక్కువని లెక్కతేల్చింది. తుపాకీ విధానాలపై వందల అధ్యయనాలను జల్లెడ పట్టిన రాండ్ సంస్థ, చాలా చట్టాల విషయంలో ఆధారాలు చాలవని చెబుతూనే, పిల్లలకు అందకుండా చేసే చట్టాలను మాత్రం గట్టి ఆధారాలున్న కొద్ది వాటిలో చేర్చింది.

ఇలాంటి చట్టాలకు అమెరికా రాజ్యాంగం అడ్డొస్తుందన్న వాదన పూర్తిగా నిలబడదు. ఆ దేశ సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన హెల్లర్ తీర్పు, ఇంట్లో తుపాకీని ఎప్పుడూ విడదీసో, తాళం వేసో ఉంచాలన్న వాషింగ్టన్ నగర నియమాన్ని కొట్టేసిన మాట నిజం. అదే తీర్పు, ప్రమాదాలు ఆపడానికి తుపాకులు ఎలా భద్రపరచాలో చెప్పే చట్టాలను తాము తప్పుపట్టడం లేదని కూడా స్పష్టం చేసింది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద కేసు పెట్టాలా? వాళ్లు అనుభవించిన శిక్ష చాలదా అని చాలామంది ప్రాసిక్యూటర్లు వదిలేస్తారు. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు తడబడ్డాను. సమాధి పక్కన నిలబడ్డ తండ్రిని జైలుకు పంపి సాధించేదేమిటో నాకూ తెలియదు. కానీ చట్టం ఆ తండ్రి కోసం మాత్రమే కాదు. ఆ వార్త విని లేచి వెళ్లి సొరుగుకు తాళం వేసే పక్క ఇంటి తండ్రి కోసం కూడా. 2018లో కనెక్టికట్‌లోని గిల్‌ఫర్డ్‌లో ఒక పదిహేనేళ్ల బాలుడు స్నేహితుడి ఇంట్లో తుపాకీ పేలి చనిపోయాడు. తుపాకులకు ట్రిగ్గర్ తాళాలున్నాయి. తాళంచెవులు, తూటాలు కూడా అదే పెట్టెలో ఉన్నాయి. తుపాకీ నింపి ఉందని రుజువు కాకపోవడంతో అప్పటి చట్టం దాని యజమానిని తాకలేకపోయింది. చనిపోయిన బాలుడి తల్లిదండ్రులు పట్టుబట్టగా 2019లో ఆ రాష్ట్రం నింపనివాటికి కూడా తాళం తప్పనిసరి చేసింది. 2005 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సున్న దుకాణదారు చేతి తుపాకీతో పాటు తాళం కూడా ఇవ్వాలి. వాడాలని మాత్రం ఆ చట్టం అనలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. అమెరికా తెలుగు కుటుంబాల్లో తుపాకీ అరుదే కావచ్చు, అసలు లేదనుకోవడం పొరపాటు. బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఎంచుకుని దోచుకున్న ఊళ్లలో, రాత్రిళ్లు పెట్రోలు బంకు, మోటెల్ నడుపుకునేవాళ్లలో, తుపాకీ మాట వినబడుతూనే ఉంది. 2024లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థి, కొత్తగా కొన్న తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి జార్జియాలో మరణించాడు. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలల వీసా మీద వెళ్లే అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ సొరుగు తెరవకూడదో తెలియకుండానే రోజంతా ఆ ఇంట్లో పిల్లలతో ఉంటారు. కొడుకో అల్లుడో తుపాకీ కొని ఉంటే, ఆ సంగతి వాళ్లకు చెప్పి తీరాలి.

మన ఇంట్లో లేకపోయినా పిల్లలు వెళ్లే ఇళ్లలో ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎన్నో ఏళ్లుగా ఒకటే చెబుతోంది: ఆడుకోవడానికి పంపే ముందు అడగండి. అడిగే హక్కు కోసం వైద్యులు కోర్టుకెక్కాల్సి వచ్చింది కూడా. రోగి ఇంట్లో తుపాకీ ఉందా అని డాక్టర్ అడగకుండా 2011లో ఫ్లోరిడా చట్టం చేస్తే, అందులోని ముఖ్య నిబంధనలను 2017లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

మన దేశం మినహాయింపు అనుకోవద్దు. ఇక్కడ పౌరుల దగ్గర 7 కోట్లకు పైగా తుపాకులుంటే, లైసెన్సున్నవి కోటిలోపేనని 2018 నాటి అంచనా. లైసెన్సు లేని నాటు తుపాకీకి తాళం అడిగే అధికారి ఎవరు? లైసెన్సున్నదైనా అంతే. 2025 ఫిబ్రవరిలో కర్ణాటకలోని మండ్య జిల్లాలో ఒక కోళ్లఫారం దగ్గర, పని కోసం వలస వచ్చిన కుటుంబంలోని పసివాడు, మరో బాలుడి చేతిలోని లైసెన్సు తుపాకీ పేలి చనిపోయాడు. లైసెన్సు అడిగేటప్పుడు ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామని రాసి ఇవ్వాలని 2016 నిబంధనలంటాయి. ఆ కాగితం ఇచ్చాక ఇంటికొచ్చి చూసే ఏర్పాటు ఉండాలి.

మన తల్లులు పిల్లల్ని పుట్టినరోజు పార్టీకి పంపేముందు ఫోన్ చేసి, ‘మావాడు గుడ్డు తినడండీ, కేకులో ఉంటుందేమో’ అని అడుగుతారు. వేరుశెనగ పడదని చెబుతారు. కుక్కను కట్టేస్తారా అని అడుగుతారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ వరుసలోనే ఇంకొక్క మాట అడగండి: ‘ఏమనుకోకండి, మీ ఇంట్లో తుపాకీ ఏమైనా ఉందా? ఉంటే తాళం వేసి ఉందా?’ తూటాలు తీసి, తాళం వేసి ఉందంటే నిశ్చింతగా పంపండి. ‘పిల్లలకు కనబడకుండా దాచాంలెండి’ అని జవాబొస్తే, ఆ ఇంటి పిల్లల్ని కూడా ఆ పూటకు మీ ఇంటికే పిలవండి.